మంచె నుంచి మెరుపు రిబ్బను దాకా: విశాఖ తోటల కాపు

కాయ పక్వానికి వచ్చే రోజులే తోటకు అసలు గండం. రామచిలుక జామకాయను పూర్తిగా తినదు. కొంత కొరికి జారవిడిచి మరో కాయ అందుకుంటుంది. తిన్నదానికన్నా పాడుచేసింది ఎక్కువ. అందుకే విశాఖ ప్రాంతపు మామిడి, జామ తోటల్లో పంట పండించడం ఒక పనైతే, కాపు కాయడం మరో పని.

ఈ కాపు చాలా పాతది. శాతవాహన రాజు హాలుడు కూర్చాడని చెప్పే ప్రాకృత ‘గాథాసప్తశతి’లోనే పంటకు కాపున్న స్త్రీలూ, ఆకాశం నుంచి బారుగా దిగే చిలుకలూ కనిపిస్తారు. తెలుగు నేలలో చేలకు మంచె, వడిసెల ఆధారం. గుంజల మీద ఎత్తుగా కట్టిన మంచె ఎక్కితే చేనంతా కనిపిస్తుంది. వడిసెలలో మట్టిబెడ్డ పెట్టి గిరగిరా తిప్పి, ఒక కొస వదిలితే ఆ బెడ్డ పిట్టల గుంపు దగ్గర పడుతుంది. కొమ్మలు అడ్డొచ్చే తోటల్లో చెట్టుకు ఖాళీ డబ్బాలు కట్టి, కింద నుంచి తాడు లాగి మోగించేవారు. చిలుకలు ఎక్కువగా మేసేది పొద్దునా సాయంత్రమూ కాబట్టి ఆ రెండు వేళల్లో మనిషి ఉండాల్సిందే.

విశాఖలో 1933లో రేవు తెరుచుకుంది. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నగరంలో కూలి పని, ఊళ్లో బడి పెరిగే కొద్దీ మంచె మీద రోజంతా కూర్చునే మనిషి కరవయ్యాడు. మనిషి చేసే పని వలకూ రిబ్బనుకూ వచ్చింది. వలను చెట్టు మీద వదులుగా పరిస్తే పిట్టలు చిక్కుకుని చనిపోతాయి. పందిరి వేసి బిగించి కడితే పంటా దక్కుతుంది, పిట్టా బతుకుతుంది. ఒకవైపు ఎరుపు, మరోవైపు వెండి రంగు ఉన్న రిబ్బనును మెలితిప్పి కడితే ఎండకు మెరిసి, గాలికి రొద చేస్తుంది. కాయకు కాగితపు సంచి తొడగడం ఇంకో దారి.

ఏ బెదురైనా కదలకుండా ఒకేచోట ఉంటే పక్షులు దానికి అలవాటుపడతాయి. దిష్టిబొమ్మ చోటు మార్చాలి, చప్పుడు వేళ మార్చాలి. చిలుకను పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పురుగులను ఏరితినే గోరింకలూ ఆ తోటలోనే తిరుగుతాయి. అందువల్ల తోలడమే తప్ప చంపని పాత కాపు పద్ధతే నేటికీ సరైన దారి.