నిండు మనిషి



ఇంట్లో ఆడపిల్ల గర్భవతి అయిందని చెప్పడానికి మనకెన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. నెల తప్పింది అంటాం. నీళ్లోసుకుంది అంటాం. ఉత్త మనిషి కాదు అంటాం. నెలలు నిండాక నిండు చూలాలు అంటాం. బళ్లారిలో స్థిరపడినా, హోసూరు, పర్లాకిమిడి, షోలాపూరు, యానాం ఎక్కడ ఉన్నా ఈ మాటల్లో కొన్నయినా మనతోనే ఉన్నాయి. పెరిగిన పొట్టను మన భాష లావు అనలేదు, నిండుదనం అంది. ఆ చూపు ఎక్కడిది, అందులో మనం నిలుపుకోవలసినదేమిటి అన్నదే ఈనాటి ప్రసంగం.

తుంగభద్ర ఒడ్డున అలంపురం ఉంది. అక్కడి మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. ఇటు కర్ణాటకలో బాదామి మ్యూజియంలోనూ అలాంటిదే మరొకటి ఉంది. ప్రసవించే భంగిమలో ఉన్న తల్లి ఆమె. తల ఉండవలసిన చోట వికసించిన పద్మం ఉంటుంది. నాగార్జునకొండలో దొరికిన ఇలాంటి శిల్పం మీద శాసనం కూడా ఉంది. ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుని రాణి ఖండువుల దాన్ని చేయించింది. అంటే పదహారు, పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక రాణి కనే తల్లి రూపాన్నే దేవతగా ఎంచుకుంది.

వైద్యగ్రంథాలదీ ఇదే దారి. సుశ్రుతసంహిత శారీరస్థానం నాలుగో నెలలో బిడ్డ గుండె వ్యక్తమవుతుందని చెప్పి, రెండు హృదయాలున్న ఆ తల్లిని దౌహృదిని అంది. ఆమె కోరినది పెట్టాలని కూడా చెప్పింది. కాళిదాసు రఘువంశం మూడో సర్గలో గర్భవతి సుదక్షిణ మన్ను తింటుంది, పాలిపోతుంది. కవి ఆమెను తెల్లవారబోయే రాత్రితో పోల్చి మురిసిపోయాడు.

ఆ కోరికల మాటే పక్క భాషల్లో పండుగ అయింది. మరాఠీవారి డోహాళే జేవణ్ అంటే గర్భిణి కోరికల భోజనం. ఒడిశాలో సాధ పేరుతో ఇష్టమైనవి తినిపిస్తారు. తమిళులది వళైకాప్పు, గాజుల పండుగ. ఉత్తర కర్ణాటకలో కుబుస చేస్తారు, కుబుసమంటే రవిక. మన శ్రీమంతానికి మూలం గృహ్యసూత్రాల్లోని సీమంతోన్నయనం. ముళ్లపంది ముల్లుతో, మేడికాయల గుత్తితో తొలిచూలాలి పాపిట తీసే కర్మ అది. మన ఆడవాళ్లు దానికి గాజులు, పూలజడ, పుట్టింటి చలిమిడి కలిపారు. వీటన్నిటిలో ఒకటే సంగతి ఉంది. మారిన శరీరాన్ని దాచిపెట్టలేదు. పీట మీద కూర్చోబెట్టి, పదిమందిలో అలంకరించి, బాగున్నావని చెప్పారు.

అయితే ఈ చరిత్రంతా పసుపు కుంకుమలే అనుకోకూడదు. నాగార్జునకొండ శాసనం ఆ రాణిని భర్త ఉన్నదిగా, బిడ్డలు బతికి ఉన్నదిగా చెప్పుకుంది. గౌరవం ఆ షరతు మీదే వచ్చింది. గాజుల పేరంటానికి వితంతువును, పిల్లలు లేని ఆమెను దూరంగా ఉంచిన ఇళ్లు చాలా ఉండేవి. పొట్ట ఆకారం చూసి మగపిల్లాడా ఆడపిల్లా అని తేల్చేవాళ్లు. బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు తాగించేవాళ్లు. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది గాని పాల నుంచి రాదు. తక్కువ తింటే కాన్పు సులువని కడుపు మాడ్చిన పెద్దలూ ఉన్నారు. కవి మురిసిపోయిన ఆ పాలిపోవడం, మన్ను తినడం రెండూ రక్తహీనతకు గుర్తులు కావచ్చునని నేటి వైద్యం చెబుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది.

ఇప్పుడు అద్దం జేబులోకి వచ్చింది. ఫోనులో కనిపించే సినిమా తారల పొట్టల పక్కన తన పొట్టను పెట్టి చూసుకుని దిగులుపడే అమ్మాయిలున్నారు. లావెక్కుతానని అన్నం తగ్గించుకునేవాళ్లూ ఉన్నారు. వారికి ఈ లెక్క చెప్పండి. మామూలు బరువున్న స్త్రీ ఈ తొమ్మిది నెలల్లో 10 నుంచి 12 కిలోలు పెరగడం సహజం. బిడ్డ సుమారు 3 కిలోలు. దానికి మావి, ఉమ్మనీరు తోడు. మామూలప్పుడు 60 గ్రాములుండే గర్భసంచి కిలో దాకా పెరుగుతుంది. రక్తం దాదాపు సగం మేర ఎక్కువవుతుంది. మిగిలిన కొవ్వు పాలివ్వడానికి శరీరం దాచుకున్న నిల్వ. పొట్ట మీది చారలు, నడిమి నల్లగీత, బుగ్గల మీది మచ్చలు జబ్బులు కావు. గీత, మచ్చలు కాన్పు తరువాత చాలామందికి తగ్గుతాయి. చారలు వెలిసిపోతాయి, పూర్తిగా పోకపోవచ్చు. అది తప్పు కాదు.

కాని ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచి, తలనొప్పి, కళ్లు మసకలు వస్తే దాన్ని నిండుదనం అనుకుని ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దిగులు రెండు వారాలు దాటినా డాక్టరుకో, ఆరోగ్య కార్యకర్తకో చెప్పండి.

పాత శ్రీమంతంలో మనం నిలుపుకోవలసింది గాజుల లెక్క కాదు. నీ ఒళ్లు మాకు నచ్చింది అని పదిమంది చెప్పే ఆ మాట. దాన్ని ఏడో నెల దాకా ఆపనక్కరలేదు. అలాంటి పేరంటానికి విధవ, గొడ్రాలు అనే అడ్డు కూడా అక్కరలేదు. రేపు మీ ఇంటికి వచ్చిన చూలాలిని చూసి చిక్కిపోయావనో, నల్లబడ్డావనో, ఇంత పొట్టేమిటనో అనబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. పీట వేసి, అన్నం పెట్టి, నిండుగా ఉన్నావమ్మా అనండి.

సెలవు.