పాతపట్నం నుంచి హైదరాబాద్ చూసొద్దామనుకుంటున్నారా? శుక్రవారం, సోమవారం జాగ్రత్త.. ఏ రోజు ఏం చూడాలంటే

పాతపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లాలంటే అదో పెద్ద ప్రయాణం. బస్సో, పాసింజర్ రైలో ఎక్కి ముందు మెయిన్ లైన్ దాకా రావాలి. అక్కడి నుంచి ఎంత లేదన్నా ఒక రాత్రంతా రైల్లోనే. పిల్లలు, ముసలోళ్లు, సంచులు.. ఇంత కష్టపడి శుక్రవారం పొద్దున్నే సాలార్‌జంగ్ మ్యూజియం ముందు దిగితే గేటుకు తాళం కనిపిస్తుంది. సోమవారం పిల్లల్ని జూపార్క్‌కు తీసుకెళ్తే అక్కడా అంతే.

శ్రీకాకుళం జిల్లా నుంచి హైదరాబాద్ వెళ్లి తాపీ పనుల్లో, అపార్ట్‌మెంట్ల దగ్గర, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎంతోమంది. దసరాకో, వేసవి సెలవులకో ఇంటోళ్లు వాళ్ల దగ్గరికి వెళ్తారు. ఉండేది రెండు మూడు రోజులే. పైగా పనిచేసే మనిషికి ఖాళీ దొరికేది ఆదివారమే. అందుకే ఒక్క రోజు వేస్ట్ అయినా మళ్లీ ఏడాది దాకా కుదరకపోవచ్చు. ఈ సమస్య రాకుండా ఉండాలంటే రైలు టికెట్ తీసే ముందే వారం చూసుకోవాలి.

ఏ రోజు ఏది మూస్తారు?

- సాలార్‌జంగ్ మ్యూజియం: శుక్రవారం సెలవు
- చౌమహల్లా ప్యాలెస్: శుక్రవారం సెలవు
- నెహ్రూ జూపార్క్: సోమవారం సెలవు
- చార్మినార్, గోల్కొండ కోట: వారం పొడుగునా చూడొచ్చు
- బిర్లా మందిర్: రోజూ తెరిచే ఉంటుంది, కానీ మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు

పండగలు, ప్రభుత్వ సెలవుల్లో ఈ లెక్క మారొచ్చు. వెళ్లే ముందు రోజు ఒకసారి ఆన్‌లైన్‌లో చూసుకుంటే మంచిది.

టికెట్ మీద స్టేషన్ పేరు చదివారా?

పాతపట్నం స్టేషన్ నౌపడ - గుణుపురం లైన్‌లో ఉంది. ఈ లైన్‌లో రోజుకు తిరిగే రైళ్లు తక్కువ. అందుకే ఎక్కువ మంది బస్సులో శ్రీకాకుళం వెళ్లి, అక్కడి నుంచి ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు చేరుకుంటారు. హైదరాబాద్ వైపు వెళ్లే విశాఖ, ఫలక్‌నుమా లాంటి ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగుతాయి. లేదంటే విశాఖపట్నం వెళ్తే రైళ్లు ఇంకా ఎక్కువ. విశాఖ నుంచి సికింద్రాబాద్‌కు 2023 జనవరి నుంచి వందేభారత్ కూడా నడుస్తోంది.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. గతంలో ఇది 120 రోజులు ఉండేది. తత్కాల్ అయితే ముందు రోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తత్కాల్ తీయాలంటే అకౌంట్‌కు ఆధార్ లింక్ అయి ఉండాలి. ఆ పని ముందే చేసి పెట్టుకోకపోతే 11 గంటలకు ఫోన్ పట్టుకుని కూర్చున్నా లాభం లేదు.

ఇంకో విషయం. హైదరాబాద్‌లో పెద్ద స్టేషన్ ఒక్కటి కాదు. సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లి ఉన్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్‌లో పనులు జరుగుతుండటంతో కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. సికింద్రాబాద్, నాంపల్లి స్టేషన్ల పక్కనే మెట్రో దొరుకుతుంది. చర్లపల్లిలో మెట్రో లేదు. అక్కడ దిగితే సిటీలోకి బస్సో, ఆటోనో, ఎంఎంటీఎస్సో చూసుకోవాలి. తీసుకెళ్లడానికి వచ్చే మనిషి సికింద్రాబాద్‌లో, మీరు చర్లపల్లిలో.. ఇలా కాకుండా స్టేషన్ పేరు ముందే చెప్పండి.

ఫ్రీ బస్సు ఎక్కడి దాకా?

మహిళలు ఇక్కడే ఎక్కువగా పొరబడుతున్నారు. ఏపీలో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పాతపట్నం నుంచి శ్రీకాకుళం దాకా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఏపీ ఆధార్ చూపించి ఉచితంగా వెళ్లొచ్చు. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ నుంచి ఉంది. కానీ అది తెలంగాణ అడ్రస్ ఉన్న మహిళలకే. శ్రీకాకుళం జిల్లా ఆధార్‌తో హైదరాబాద్ సిటీ బస్సు ఎక్కితే టికెట్ తీసుకోవాల్సిందే. అక్కడే ఉంటున్న అక్క ఫ్రీగా ఎక్కిందని, ఊరి నుంచి వచ్చిన చెల్లి కూడా టికెట్ లేకుండా కూర్చుంటే ఫైన్ పడుతుంది.

మొదటి రోజు: పాతబస్తీ

చార్మినార్, మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్.. ఈ నాలుగూ ఒకదానికొకటి దగ్గరే. శుక్రవారం కాకుండా ఏ రోజైనా ఒకే రోజులో చూసేయొచ్చు.

పొద్దున్నే చార్మినార్‌తో మొదలుపెడితే ఎండా, రద్దీ రెండూ తక్కువ. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్ని కట్టించాడు. పైకి 149 మెట్లు. మెలికలు తిరిగిన ఇరుకు మెట్లు కాబట్టి మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దోళ్లు కిందే ఉండటం మేలు. పురావస్తు శాఖ టికెట్ ప్రస్తుతం 25 రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. పక్కనే మక్కా మసీదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్ వేళ ఇక్కడ చాలా రద్దీగా ఉంటుంది. ఎదురుగా లాడ్ బజార్‌లో లక్క గాజులు దొరుకుతాయి. బేరం ఆడాల్సిందే, మొదట చెప్పిన రేటుకు ఎవరూ కొనరు. ముత్యాలు మాత్రం రోడ్డు మీద కాకుండా బిల్లు ఇచ్చే షాపులోనే కొనడం మంచిది.

చౌమహల్లా నిజాంల దర్బారు. ఇక్కడ శ్రీకాకుళం వాళ్లకు ఒక సంగతి చెప్పుకోవాలి. శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అనేవాళ్లు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలోనే అది వాళ్ల చేతిలోకి వెళ్లింది. వాళ్ల ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ శ్రీకాకుళం టౌన్‌లో ఉంది. తర్వాత ఆ ప్రాంతం నిజాంల కిందికి వచ్చింది. చౌమహల్లా పనులు మొదలుపెట్టించినట్టు చెప్పే సలాబత్‌జంగ్.. 1753లో చికాకోల్ సర్కారును ఫ్రెంచి వాళ్లకు అప్పగించాడు. అంటే మన జిల్లా చేతులు మారింది ఈ దర్బారు వాళ్ల మాట మీదే.

సాలార్‌జంగ్‌ను మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు. సాయంత్రం 5 గంటలకు మూస్తారు కాబట్టి కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి. 1951లో మొదలైన ఈ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగ్‌లోకి మారింది. అన్నీ చూడాలంటే ఒక రోజు చాలదు. పిల్లలకు నచ్చేది సంగీత గడియారం. గంట కొట్టే టైమ్‌కు చిన్న బొమ్మ బయటికొచ్చి గంట మోగిస్తుంది. అందుకోసం ముందే వెళ్లి కూర్చుంటారు. పెద్దోళ్లు తప్పక చూడాల్సింది 'వీల్డ్ రెబెక్కా' విగ్రహం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాయిలో, ముఖం మీద ముసుగు నిజంగా గుడ్డే అనిపిస్తుంది.

రెండో రోజు: గోల్కొండ, ట్యాంక్‌బండ్

ఇది శుక్రవారం కూడా పెట్టుకోదగ్గ ప్లాన్. చార్మినార్ నుంచి గోల్కొండ సుమారు 11 కిలోమీటర్లు. ఎండ ఎక్కకముందే కోట పైదాకా ఎక్కేయాలి. నీళ్ల బాటిల్, టోపీ మర్చిపోవద్దు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. శత్రువు వస్తే పైవాళ్లకు తెలిసేలా చేసుకున్న ఏర్పాటు ఇది. ఇంత పకడ్బందీగా ఉన్నా 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట ఔరంగజేబు వశమైంది. లోపలి వాళ్లే తలుపు తీయడంతోనే ఇది జరిగిందని చెబుతారు.

పైకి వెళ్లే దారిలో రామదాసు బందీఖానా ఉంటుంది. భద్రాచలం గుడి కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా కాలంలో బంధించింది ఇక్కడేనని చెబుతారు. సాయంత్రం ఉండగలిగితే సౌండ్ అండ్ లైట్ షో చూడొచ్చు. ఏ షో ఏ భాషలో ఉందో టికెట్ తీసే ముందే కౌంటర్‌లో అడగండి.

సాయంత్రానికి హుస్సేన్‌సాగర్. మధ్యలో బుద్ధ విగ్రహం 58 అడుగుల ఏకశిల. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుండగా నీళ్లలో మునిగిపోయింది, ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్లకు పైగా నీళ్లలోనే ఉన్న విగ్రహాన్ని బయటికి తీసి 1992 డిసెంబర్‌లో నిలబెట్టారు. లుంబినీ పార్క్ నుంచి బోటులో దాని దగ్గరికి వెళ్లొచ్చు. ట్యాంక్‌బండ్ మీద నడిస్తే ఎన్టీఆర్ హయాంలో పెట్టించిన తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో విజయనగరం గురజాడ అప్పారావు, విశాఖ శ్రీశ్రీ కూడా ఉన్నారు. టికెట్ లేదు, ముసలోళ్లు కూడా మెల్లగా నడవొచ్చు. దగ్గర్లోనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, కొత్త సచివాలయం.. రెండూ 2023 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి.

బిర్లా మందిర్ కూడా ఇటువైపే. లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చి వెళ్లాలి. కుటుంబంలో అందరి ఫోన్లూ లోపలే ఇచ్చేస్తారు కాబట్టి, బయట ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

మూడో రోజు ఉంటే

పిల్లలుంటే జూపార్క్. 1963లో మొదలైంది, 380 ఎకరాలు. పొద్దున్నే వెళ్తే జంతువులు బయట తిరుగుతూ కనిపిస్తాయి, ఎండెక్కితే నీడకు చేరతాయి. సినిమా ఇష్టమైతే రామోజీ ఫిల్మ్‌సిటీ. కానీ అది సిటీకి దూరం, టికెట్ ఎక్కువ, రోజంతా పడుతుంది. ఐదుగురు కుటుంబం వెళ్లాలంటే ముందే లెక్క వేసుకోవాలి.

ఏ రోజు దిగితే ఏ ప్లాన్?

- శుక్రవారం దిగితే: ఆ రోజు గోల్కొండ, ట్యాంక్‌బండ్. శనివారం పాతబస్తీ. ఆదివారం జూ.
- శనివారం దిగితే: పాతబస్తీ ముందు, ఆదివారం గోల్కొండ. సోమవారం జూ మూసి ఉంటుంది.
- ఆదివారం దిగితే: రద్దీ ఉన్నా పాతబస్తీ చూసేయొచ్చు. సోమవారం గోల్కొండ, మంగళవారం జూ.
- గురువారం దిగితే: అదే రోజు సాలార్‌జంగ్, చౌమహల్లా పూర్తి చేయాలి. వదిలేస్తే మళ్లీ శనివారమే.

మెట్రో ఎక్కడి దాకా వెళ్తుంది?

2017 నవంబర్‌లో మొదలైన మెట్రో మూడు లైన్లలో 69 కిలోమీటర్లు తిరుగుతోంది. చార్మినార్‌కు మాత్రం ఇంకా మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో దిగి బస్సో, ఆటోనో ఎక్కాలి. గోల్కొండకూ మెట్రో లేదు. బిర్లా మందిర్‌కు అసెంబ్లీ స్టేషన్ దగ్గర. ఆటో ఎక్కే ముందు ఫోన్‌లో యాప్ తెరిచి అదే దూరానికి రేటు ఎంత చూపిస్తుందో చూడండి. ఆ తర్వాత బేరం ఆడితే మోసపోయే చాన్స్ తక్కువ. రాత్రి రైలుకు ముందు రోజంతా తిరగాలంటే సంచులు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు, రైలు టికెట్ చూపించాలి, సంచికి తాళం ఉండాలి.

హైదరాబాద్ 2014 జూన్ 2 నుంచి పదేళ్ల పాటు రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. ఆ గడువు 2024 జూన్ 2తో అయిపోయింది. కానీ 1956 నుంచి శ్రీకాకుళం జనం ఆఫీసు పనికైనా, పెద్దాసుపత్రికైనా రాజధాని అంటే అక్కడికే వెళ్లారు. ఆ సిటీలో గోడలు కట్టిన మనుషుల్లో చాలామంది చార్మినార్ ఎక్కనే లేదు. ఈసారి ఊరి నుంచి వెళ్తున్నవాళ్లు పాతబస్తీని ఆదివారానికి పెట్టుకుంటే, సాలార్‌జంగ్, చౌమహల్లా, చార్మినార్ మూడూ తెరిచే ఉంటాయి. అక్కడ పనిచేస్తున్న తమ మనిషిని కూడా వెంట తీసుకెళ్లొచ్చు.