టెలివిజను కొనే ముందు

టెలివిజను కొందామా, వద్దా? కొంటే తక్కువ ధరలో దొరికేది కొందామా, మరి కొన్నాళ్లు ఆగి మంచిది కొందామా? ఈ ప్రశ్న ఏదో ఒక రోజు రాని ఇల్లు వుండదు. పిల్లలు కొనమంటారు, పెద్దవాళ్లు ఇప్పుడెందుకంటారు, ఇంటాయన జేబు తడుముకుంటారు. చివరికి నెలాఖరున పద్దు చూసుకుని నిట్టూర్చేది మాత్రం ఇల్లాలే. అందుకని, ఈ పెట్టె మన ఇళ్లలోకి ఏ దారిన వచ్చిందో, వస్తూ వస్తూ ఏయే ఖర్చులు వెంటబెట్టుకు వచ్చిందో ఒకసారి తెలుసుకుందాం. వెనకటి సంగతి తెలిసినవాళ్లు ఇప్పటి బేరంలో మోసపోరు.

మన దేశంలో టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైంది. అప్పుడది ఇంటి వస్తువు కాదు. నలుగురూ ఒకచోట చేరి చూసేది. 1967 జనవరి 26న రైతుల కోసం "కృషి దర్శన్" మొదలుపెట్టినప్పుడు కూడా ఢిల్లీ చుట్టుపక్కల 80 పల్లెల్లో సెట్లు పెట్టి వూరందరికీ చూపించారు. కొనడం, కొనకపోవడం అన్న మాటే అక్కడ లేదు.

మన తెలుగు పల్లెలకు ఆ వింత వచ్చింది 1975లో. విక్రమ్ సారాభాయిగారు బతికివున్న రోజుల్లోనే, 1969లో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒక ఒప్పందం కుదిరింది. వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదిపాటు మనకు వాడుకోనిస్తారు. సారాభాయిగారు 1971 డిసెంబరులో పోయారు గాని, పని ఆగలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఆరు రాష్ట్రాల్లో రెండు వేల పైచిలుకు పల్లెలకు ఆకాశం నుంచి నేరుగా బొమ్మ దిగింది. దానికే "సైట్" అని పేరు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు తయారుచేసే కేంద్రాన్ని హైదరాబాదులోనే పెట్టారు. పల్లెలకు వెళ్లిన సెట్లు తయారుచేసింది కూడా మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారమే. ఏంటెన్నా అంటే ఏదో పెద్ద యంత్రం అనుకునేరు! కోళ్ల గూటికి బిగించే ఇనుప వలను పది అడుగుల గొడుగులాగా చేసి, ఆకాశం కేసి తిప్పి నిలబెట్టారు. అంతే.

పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్లకు ప్రసారం. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, మధ్యమధ్య పాటలూ ఆటలూ. సెట్టు ఎక్కువ చోట్ల బడిలోనో, పంచాయితీ ఇంటిలోనో వుండేది. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. సాయంత్రం అంటే ఆడవాళ్లకు ఏ వేళ? పశువులు ఇంటికి వచ్చే వేళ, పొయ్యి రాజేసే వేళ. పైగా నలుగురు మగవాళ్లు కూర్చున్న చోటికి కోడలు వెళ్లి కూర్చోవాలంటే ఎన్ని అడ్డంకులో మీకు చెప్పనక్కరలేదు. అయినా చిత్రం చూడండి. ఏడాది అయ్యాక దాని ఫలితాలు పరిశీలించినవాళ్లు తేల్చిన విషయం ఇది: ఆరోగ్యం, కుటుంబ నియంత్రణవంటి సంగతుల్లో, చదువురాని ఆడవాళ్లు ఎక్కువగా లాభపడ్డారు. పత్రిక చదవలేనివాళ్లకు, సినిమాకు వెళ్లలేనివాళ్లకు ఆ పెట్టె ఎక్కువ ఇచ్చిందన్నమాట.

1976 జులై ఆఖరుకు గడువు తీరింది. ఉపగ్రహాన్ని వాళ్లు మరో పనికి తీసుకుపోయారు. పల్లెల్లో సెట్టు వుంది, ఇనుప గొడుగు వుంది, కరెంటు వుంది, బొమ్మ లేదు! సోదరీమణులారా, ఈ సంగతి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. పెట్టె మనది కావచ్చు, అందులోకి వచ్చేది మన చేతిలో లేదు. పెట్టె ధర ఒకటి, లోపలికి వచ్చేదాని ధర మరొకటి. టెలివిజను చరిత్ర అంతా ఈ రెండు ధరల కథే.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. ఇక సెట్టు కొనుక్కునే రోజులు వచ్చాయి. చేవెళ్ల, మొయినాబాద్, మోకిల వైపు వూళ్లు అప్పటికింకా హైదరాబాదు జిల్లాలోనే వున్నాయి. రంగారెడ్డి జిల్లా ఏర్పడింది 1978లో. నగరానికి పడమటగా, గండిపేట చెరువు దాటి, ముప్పై నలభై కిలోమీటర్ల దూరాన వుండే ఇలాంటి వూళ్లలో సెట్టు ఒక్కటీ కొంటే సరిపోదు. చేపముల్లులాంటి ఏంటెన్నాను ఎత్తయిన ఇనుప గొట్టానికి బిగించి తూర్పుకేసి, అంటే నగరంకేసి, తిప్పాలి. గాలివానకు అది కాస్త పక్కకు తిరిగిందా, తెరనిండా చుక్కలే. ఒకరు మిద్దెమీద తిప్పుతూ, "వచ్చిందా?" అని అరవడం, ఇంకొకరు లోపల్నుంచి "పోయింది, పోయింది!" అనడం ఆ రోజుల్లో ఏ వూళ్లోనైనా వినిపించే మాటలే. వోల్టేజి తగ్గితే స్టెబిలైజరు కావాలి. ఇవన్నీ అంగడివాడు చెప్పిన ధరలో వుండవు. అదిగాక ఏడాదికోసారి పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుము కట్టాలి. రేడియోకు 15 రూపాయలు, టెలివిజనుకు 50 రూపాయలు. ఆ లైసెన్సులను 1980ల నడుమ ఎత్తేశారు.

1982 ఆగస్టు 15న రంగుల ప్రసారం మొదలైంది. ఆ నవంబరులోనే ఢిల్లీలో ఆసియా క్రీడలు. రంగుల సెట్టు లేనివాళ్లు వెనకబడినట్టే అన్న మాట మొదలైంది. నిజానికి రంగుల ప్రసారాన్ని పాత నలుపు తెలుపు సెట్టులో కూడా నలుపు తెలుపుగా హాయిగా చూడవచ్చు. ఇది తెలిసినవాళ్లు తొందరపడలేదు. తెలియనివాళ్లు పుస్తెలతాడు వైపు చూశారు. సామాన్య కుటుంబాలకు చిన్న నలుపు తెలుపు సెట్టే అందుబాటులో వుండేది. 1987 జనవరి నుంచి ఆదివారాలు "రామాయణ్" ప్రసారమైనప్పుడు అటువంటి సెట్టు వున్న ఒక్క ఇంట్లో వీధి వీధంతా కూర్చున్నది. ఆ ఇల్లాలికి గౌరవమూ దక్కింది, చాకిరీ కూడా పెరిగింది.

1990ల్లో కేబులు వచ్చింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. అప్పటినుంచి నెల నెలా కట్టే డబ్బు మొదలైంది. 2004 చివర దూరదర్శన్ నెలవారీ రుసుము లేని డిష్ ప్రసారాన్ని తెచ్చింది. గొడుగూ పెట్టే ఒకసారి కొనుక్కుంటే చాలు. 2022 నాటికి పాత ఏంటెన్నాలకు అందే ప్రసారాలను దాదాపు అన్నిచోట్లా ఆపేశారు. చూశారా? 1976లో జరిగిందే మళ్లీ జరిగింది. పెట్టె వుంది, బొమ్మ లేదు.

ఇక ఈనాటి మాట. మోకిలలో ఇప్పుడు విల్లాలు లేచాయి. 2023లో హెచ్.ఎం.డి.ఎ. అక్కడ ఇళ్లస్థలాలు వేలం వేసింది. గోడంత టెలివిజను కొనే ఇల్లు ఒకవైపు, ఆ ఇంట్లో గిన్నెలు తోమి పొదుపు చేసుకునే తల్లి మరొకవైపు. నేను మాట్లాడుతున్నది ఆ తల్లితో. మొదటి ఇంటివాళ్లకు తప్పు బేరం ఒక చిరాకు, అంతే. ఆమెకు అది బిడ్డ ఫీజు.

అందుకని అమ్మా, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మొదటిది, దీనిలోకి బొమ్మ ఎలా వస్తుంది? కేబులా, ఉచిత డిష్షా, ఇంటర్నెట్టా? ఏడాదికి దానికయ్యే ఖర్చును సెట్టు ధరకు కలిపి చూడండి. చవక స్మార్ట్ టీవీలో జ్ఞాపకశక్తి తక్కువగా వుంటుంది, నాలుగేళ్లు తిరిగేసరికి కొత్త యాప్‌లు అందులో పనిచేయకపోవచ్చు. అయినా డిష్ తీగ తగిలిస్తే అదే పెట్టె మామూలు టీవీలాగా నడుస్తుంది. కనుక ఆ తీగ పెట్టే చోటు వుందో లేదో చూసి కొనండి.

రెండవది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఈనాటి సెట్లలో తెర పగిలితే బాగుచేయించే ఖర్చు దాదాపు కొత్త సెట్టు ధరకు వస్తుంది. చేవెళ్లలో మనిషి వస్తాడా, సెట్టును మోసుకుని పట్నం పోవాలా అని కొనకముందే అడగండి. మూడవది కరెంటు. 50 వాట్ల సెట్టు రోజుకు అయిదు గంటలు నడిస్తే నెలకు ఏడున్నర యూనిట్లు. భయపడేటంత కాదు. పెట్టెమీద నక్షత్రాల చీటీలో ఏడాది యూనిట్లు రాసే వుంటాయి, చదివించుకోండి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం. డబ్బు ఎక్కడిది? చేతిలోదా, అప్పా? మన రాష్ట్రంలో 2010లో సూక్ష్మరుణాల వాయిదాలు కట్టలేక ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో గుర్తుందా? ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం వారం వసూళ్లు మాన్పించి నెలవారీ చేయవలసి వచ్చింది. అప్పు తెచ్చి కొన్నది ఎప్పుడూ చవక కాదు. "వడ్డీ లేదు" అన్నప్పుడు, రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తావని అడిగి చూడండి. ఆ తేడాయే వడ్డీ.

మరి కొనవద్దా అంటారా? అనను. చదువురాని ఆడవాళ్లకు ఆ పెట్టె ఎంత మేలు చేసిందో ఇందాకే చెప్పుకున్నాం. మంచానపడ్డ అత్తగారికి పొద్దుపోవాలన్నా, ఇంట్లో వుండే మనిషికి నాలుగూళ్ల సంగతులు తెలియాలన్నా అది అక్కరకొస్తుంది. చేతిలో రొక్కం వుంటే, బాగుచేసే మనిషి దగ్గర్లో వుంటే, ముప్పై రెండు అంగుళాల చవక సెట్టు తీసుకోండి, నామోషీ ఏమీ లేదు. రొక్కం లేకపోతే దసరా దాకా ఆగండి. ఇన్నేళ్ల చరిత్ర మొత్తమ్మీద చూస్తే, అప్పుడప్పుడు పెరిగినా, టెలివిజను ఖరీదు తగ్గుతూనే వచ్చింది. ఇంకొక్క మాట. అప్పట్లో సాయంకాలం ప్రసారం ఆడవాళ్ల తీరిక చూసి పెట్టలేదు. ఇప్పుడు పెట్టె మీ ఇంట్లోనే వుంటుంది. కొన్నాక రోజుకు ఒక గంటయినా మీకు కావలసింది మీరు కూర్చుని చూసేట్టు ఇంట్లో ముందే చెప్పి వుంచండి.