పోటీ పరీక్షల ఆంగ్లం: ప్రిపోజిషన్లు, క్రియారూపాల్లో తెలుగు అభ్యర్థులు గమనించవలసిన అంశాలు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగ నియామక పరీక్షలను తెలుగులో రాసే అవకాశం ఇటీవలి సంవత్సరాల్లో విస్తరించింది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే మల్టీ టాస్కింగ్ స్టాఫ్, కంబైన్డ్ హయ్యర్ సెకండరీ లెవెల్ పరీక్షలను హిందీ, ఆంగ్లంతో పాటు తెలుగు సహా 13 ప్రాంతీయ భాషల్లో నిర్వహించేందుకు 2023లో కేంద్రం ఆమోదం తెలిపింది. గణితం, రీజనింగ్ ప్రశ్నలను మాతృభాషలో చదివి జవాబివ్వగల అభ్యర్థికి సైతం ఆంగ్ల విభాగం మాత్రం తప్పదు.

పట్టభద్రుల స్థాయిలో నిర్వహించే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్షలో ఈ విభాగం ప్రాధాన్యం మరింత ఎక్కువ. మొదటి అంచెలో 100 ప్రశ్నలకు గాను 25 ఆంగ్లానివే. ఒక్కో ప్రశ్నకు 2 మార్కులు కాగా, తప్పు సమాధానానికి అర మార్కు కోత ఉంటుంది. రెండో అంచెలో ఆంగ్లం నుంచి 45 ప్రశ్నలు, వాటికి 135 మార్కులు కేటాయించారు. ఇక్కడ తప్పు సమాధానానికి ఒక మార్కు పోతుంది. ఊహించి గుర్తించిన జవాబు అభ్యర్థి శ్రమను హరించివేయగలదు.

వాక్యంలో దోషాన్ని గుర్తించడం, ఖాళీలు పూరించడం, వాక్యాన్ని మెరుగుపరచడం వంటి ప్రశ్నల్లో ప్రిపోజిషన్లు, క్రియారూపాలు తరచు ఎదురవుతాయి. వీటిలో తెలుగు అభ్యర్థులు చేసే పొరపాట్లు చాలావరకు అజాగ్రత్త వల్ల జరిగేవి కావు. తెలుగు వాక్యాన్ని మనసులో ఉంచుకుని ఆంగ్లంలోకి మార్చడమే వాటికి మూలం. ఈ సంగతి తెలిస్తే పొరపాట్లను ముందుగానే పసిగట్టవచ్చు.

ఒక ప్రత్యయం, పలు ప్రిపోజిషన్లు

తెలుగులో విభక్తి ప్రత్యయం నామవాచకం తరువాత చేరుతుంది. ఆంగ్లంలో ప్రిపోజిషన్ నామవాచకానికి ముందు వస్తుంది. స్థానభేదం కన్నా అర్థవిస్తృతిలోని భేదమే ఎక్కువ చిక్కులు తెచ్చిపెడుతుంది. ‘ఇంట్లో’, ‘గదిలో’, ‘రెండో అంతస్తులో’ అనే మూడు మాటల్లోనూ తెలుగుకు ‘లో’ ఒక్కటే చాలు. ఆంగ్లంలో అవి వరుసగా ‘ఎట్ హోమ్’, ‘ఇన్ ది రూమ్’, ‘ఆన్ ది సెకండ్ ఫ్లోర్’ అవుతాయి. ‘సోమవారం వస్తాడు’ అనే వాక్యంలో తెలుగుకు ఏ ప్రత్యయమూ అవసరం లేదు. ఆంగ్లంలో రోజుకు ‘ఆన్’, నెలకు, సంవత్సరానికి ‘ఇన్’, గడియారపు సమయానికి ‘ఎట్’ వాడాలి.

‘మీద’ అనే మాట ఒకచోట తోడ్పడి మరోచోట దారి తప్పిస్తుంది. ‘మీద ఆధారపడు’ అన్నప్పుడు ‘డిపెండ్ ఆన్’ సరిపోతుంది. ‘నా మీద కోపం’ అన్నప్పుడు మాత్రం ‘యాంగ్రీ విత్ మీ’ అనాలి. ‘డాక్టర్‌తో పెళ్లయింది’ అనడానికి ‘మ్యారీడ్ విత్’ కాదు, ‘మ్యారీడ్ టు’ సరైన ప్రయోగం. ‘కంటె’ అనగానే ‘దాన్’ స్ఫురించడం సహజం. అయితే సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనే లాటిన్ మూలపదాల తరువాత ‘టు’ వస్తుంది. ‘ప్రిఫర్’ క్రియతో కాఫీ, టీ వంటి రెండు వస్తువులను పోల్చేటప్పుడూ ‘టు’ వాడాలి.

కొన్ని క్రియలకు ప్రిపోజిషన్ అక్కరలేదు. ‘గురించి చర్చించారు’ అనే తెలుగు వాడుక ప్రభావంతో ‘డిస్కస్ అబౌట్’ అని, ‘ఊరికి చేరాడు’ అనే వాడుకతో ‘రీచ్ టు’ అని రాస్తుంటారు. ‘డిస్కస్’, ‘రీచ్’ క్రియల తరువాత కర్మ నేరుగా వస్తుంది.

కాలం విషయంలో జాగ్రత్త

‘నిన్న వచ్చాడు’, ‘ఇప్పుడే వచ్చాడు’ అనే రెండింటిలోనూ తెలుగు క్రియ ఒక్కటే. ఆంగ్లంలో మొదటిది ‘హి కేమ్ ఎస్టర్‌డే’, రెండోది ‘హి హ్యాజ్ జస్ట్ కమ్’. గతంలోని నిర్దిష్ట సమయం చెప్పినప్పుడు ‘హ్యాజ్’, ‘హ్యావ్’ రూపం వాడకూడదు. ‘2015 నుంచి ఇక్కడే ఉంటోంది’ అనే వాక్యాన్ని ‘ఈజ్ లివింగ్’ అని మార్చడం మరో సాధారణ దోషం. గతంలో మొదలై ఇంకా కొనసాగుతున్న పని కనుక ‘హ్యాజ్ బీన్ లివింగ్’ అనాలి. మొదలైన సమయానికి ‘సిన్స్’, గడచిన వ్యవధికి ‘ఫర్’ వాడాలి.

‘ప్రతి ఒక్కరూ వచ్చారు’ అని తెలుగులో బహువచన క్రియ వాడతాం. ఆంగ్లంలో ‘ఈచ్’, ‘ఎవ్రీవన్’ కర్తలుగా ఉంటే క్రియ ఏకవచనంలోనే ఉండాలి.

రెండూ కలిసే చోటు

ప్రిపోజిషన్ తరువాత క్రియ వస్తే దానికి ‘ఇంగ్’ చేరుతుంది. ‘ఇంటరెస్టెడ్ ఇన్ లెర్నింగ్’ ఇందుకు ఉదాహరణ. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోని ‘టు’ కూడా ప్రిపోజిషనే. అందువల్ల ‘మీట్’ బదులు ‘మీటింగ్’ రావాలి. కర్మణి వాక్యాల్లో ‘చేత’ అనే అర్థానికి ఎల్లప్పుడూ ‘బై’ సరిపోదు. ‘నోన్’ తరువాత ‘టు’, ‘ఫిల్డ్’ తరువాత ‘విత్’ సాధారణంగా వస్తాయి.

సాధన ఎలా

ప్రిపోజిషన్లకు తెలుగు అర్థాలు రాసి వల్లె వేయడం వల్ల ఒరిగేది తక్కువ. క్రియను, దాని ప్రిపోజిషన్‌ను జంటగా, ఒక పూర్తి వాక్యంలో రాసుకోవడం మేలు. నోటు పుస్తకంలో ఆ జంటలను మూడు వర్గాలుగా విభజించుకోవచ్చు. తెలుగుతో సరిపోయేవి మొదటి వర్గం, తెలుగుకు భిన్నమైనవి రెండోది, ప్రిపోజిషన్ అక్కరలేనివి మూడోది. సాధన సమయం రెండో, మూడో వర్గాలకే ఎక్కువగా కేటాయించాలి.

పాత ప్రశ్నపత్రాలు చేసేటప్పుడు సరైన జవాబు చూసి ముందుకు సాగిపోకుండా, తప్పు జవాబు ఎందుకు సరైనదిగా తోచిందో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఆ వాక్యాలను వారానికోసారి చదివితే తన పొరపాటు ఏ తెలుగు నుడికారం నుంచి వస్తున్నదో అభ్యర్థికే తెలుస్తుంది. ఆకాశవాణి ఆంగ్ల వార్తలను రోజూ వింటూ, వార్తకు ఒకటి చొప్పున క్రియ, ప్రిపోజిషన్ జంటను రాసుకోవడం కూడా ఖర్చు లేని సాధనే. పరీక్ష హాలులో సందేహం కలిగితే వాక్యాన్ని తెలుగులోకి మార్చి చూడటం కన్నా, తాను రాసుకున్న ఆంగ్ల వాక్యాన్ని గుర్తు తెచ్చుకోవడం సురక్షితం. అదీ గుర్తుకు రాకపోతే ఆ ప్రశ్నను వదిలివేయడం వల్ల కనీసం వచ్చిన మార్కులు నిలుస్తాయి.