పసిపిల్లల దినచర్య

పసిపిల్లల దినచర్య అనగా ఒకటి నుండి మూడు సంవత్సరాల వయసు గల పిల్లల నిద్ర, ఆహారం, స్నానం, ఆట వంటి నిత్యకృత్యాలు ప్రతిరోజూ ఇంచుమించు ఒకే వరుసలో జరిగేటట్లు పెద్దలు చేసే ఏర్పాటు. తప్పటడుగులు వేసే ఈ వయసులో పిల్లలకు గడియారం తెలియదు. "ఎనిమిది గంటలకు పడుకోవాలి" అన్న మాటకు వారి దృష్టిలో అర్థం లేదు. అయితే స్నానం తరువాత అన్నం, అన్నం తరువాత పాట, పాట తరువాత నిద్ర అనే వరుసను ఏడాదిన్నర శిశువు కూడా పసిగట్టగలదు. కనుక ఈ దినచర్యలో వేళ కంటే వరుసకు ప్రాధాన్యం ఎక్కువ. వేళ అరగంట అటూ ఇటూ అయినా నష్టం లేదు, వరుస తరచుగా తప్పితే మాత్రం పిల్లలు చికాకు పడతారు.

నేపథ్యం

దినచర్య అనే పదం ఆయుర్వేదంలో ప్రాచీనమైనది. వాగ్భటుని అష్టాంగహృదయంలో సూత్రస్థానపు రెండవ అధ్యాయానికి ఇదే పేరు. అయితే అందులోని నియమాలు ప్రధానంగా పెద్దలకు ఉద్దేశించినవి. శిశుపోషణ ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో ఒకటైన కౌమారభృత్యానికి చెందుతుంది.

పాశ్చాత్య దేశాలలో 20వ శతాబ్దపు తొలి దశకాలలో గడియారానికి కట్టుబడిన పెంపకం ప్రచారంలోకి వచ్చింది. న్యూజిలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీని స్థాపించిన వైద్యుడు ట్రూబీ కింగ్ శిశువులకు నాలుగు గంటలకొకసారి మాత్రమే పాలు పట్టాలని, రాత్రివేళ పట్టరాదని బోధించాడు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో ప్రచురించిన పుస్తకంలో పిల్లలను ముద్దు చేయడం కూడా తగ్గించమని సలహా ఇచ్చాడు. 1946లో బెంజమిన్ స్పాక్ పుస్తకం వెలువడిన తరువాత ఈ కాఠిన్యం సడలింది. అదే సంవత్సరం హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎమ్మి పిక్లర్ అనే వైద్యురాలు శిశు సంరక్షణాలయం ఒకటి ప్రారంభించింది. అక్కడ స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం ప్రతిరోజూ ఒకే క్రమంలో, తొందర లేకుండా, చేయబోయే పనిని ముందుగా శిశువుకు చెప్పి మరీ చేసేవారు. నేడు పిల్లల వైద్యులు చెప్పే దినచర్య ట్రూబీ కింగ్ పద్ధతి కంటే పిక్లర్ పద్ధతికే దగ్గరగా ఉంటుంది.

నిద్ర

దినచర్యలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆధునిక గృహాలలో అన్నిటికంటే ఎక్కువగా చెడేది నిద్ర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండు సంవత్సరాల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుండి 14 గంటల నిద్ర అవసరం. మూడేళ్ళు నిండిన తరువాత ఇది 10 నుండి 13 గంటలు. ఏడాది వయసులో సాధారణంగా పగలు రెండుసార్లు నిద్రపోయే పిల్లలు ఏడాదిన్నర వచ్చేసరికి ఒకసారికి తగ్గుతారు. ఈ మార్పు జరిగే వారాలలో సాయంత్రం పేచీలు పెరగడం సహజం. అప్పుడు మధ్యాహ్న భోజనాన్ని, రాత్రి నిద్రను కొంత ముందుకు జరిపితే సరిపోతుంది.

మెదడులోని హైపోథాలమస్ భాగంలో ఉండే ఒక చిన్న కణసముదాయం వెలుగుచీకట్లను అనుసరించి శరీరపు లయను నడుపుతుంది. చీకటి పడిన తరువాత మెలటోనిన్ అనే హార్మోను విడుదలై నిద్రను తెస్తుంది. ప్రకాశవంతమైన దీపాలు, టీవీ, సెల్‌ఫోన్ వెలుగు దీనిని అడ్డుకుంటాయి. అందువలన ఉదయం ఎండ తగలడం, సాయంత్రం ఇంట్లో వెలుగు తగ్గించడం అనే రెండు పనులు ఏ జోలపాటకూ తీసిపోవు.

పడుకునే ముందు జరిగే క్రమంపై జోడీ మిండెల్ బృందం అమెరికాలో 405 మంది తల్లులు, వారి పిల్లలతో జరిపిన అధ్యయనం 2009లో ప్రచురితమైంది. స్నానం, ఒంటికి మర్దన, ఆపై పాట వంటి ప్రశాంతమైన పని అనే మూడు మెట్ల వరుసను రెండు వారాల పాటు పాటించిన ఇళ్ళలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి మేల్కొనడం తగ్గింది, తల్లుల మానసిక స్థితి కూడా మెరుగుపడింది. ఈ మూడు మెట్లూ తెలుగువారికి కొత్తవి కావు. నూనె రాసి నలుగు పెట్టడం, వేడినీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ, ఉయ్యాలలో జోలపాట అనే వరుస తరతరాలుగా ఉన్నదే. కాకపోతే సాంబ్రాణి పొగ పసివారి ఊపిరితిత్తులకు మంచిది కాదని నేటి వైద్యులు వారిస్తున్నారు.

అదే పరిశోధకురాలి నాయకత్వంలో 17 దేశాలు, ప్రాంతాలలో మూడేళ్ళలోపు పిల్లలపై జరిగిన మరొక సర్వే (2010) నిద్రవేళలలోని తేడాలను బయటపెట్టింది. న్యూజిలాండ్ పిల్లలు సగటున రాత్రి ఏడున్నర ప్రాంతంలో పడుకుంటే హాంకాంగ్ పిల్లలు పది దాటాక పడుకుంటున్నారు. తెలుగు ఇళ్ళలోనూ తండ్రి పనినుండి వచ్చేవరకు పిల్లలను మేల్కొలిపి ఉంచడం పరిపాటి. ఉదయం ఆలస్యంగా లేచే వీలున్నంత కాలం దీనివలన పెద్ద నష్టం కనిపించదు. బడికో, సంరక్షణ కేంద్రానికో పొద్దున్నే లేపవలసి వచ్చిన రోజున మొత్తం నిద్ర తగ్గిపోతుంది. తల్లిదండ్రుల పక్కన పడుకోవడం దినచర్యకు ఆటంకం కాదు.

ఆహారం

ఏడాది నిండిన పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు చిరుతిండి అవసరం. తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. పప్పన్నం, గుడ్డు, ఇడ్లీ, ఆకుకూర, రాగిజావ, అరటిపండు వంటి ఇంటి ఆహారమే చాలు. రెండు భోజనాల మధ్య రెండు మూడు గంటల విరామం ఉంటేనే ఆకలి పుడుతుంది. అన్నం తినడం లేదని గంటగంటకూ పాలసీసా ఇవ్వడం వలన ఆ ఆకలి చచ్చి, తరువాతి పూట అన్నం మరింత తగ్గుతుంది. ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము చాలా తక్కువ. కనుక రోజుకు అర లీటరు మించి పాలు తాగి అన్నం మానే పిల్లలకు రక్తహీనత వచ్చే అవకాశం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో ఆరు నెలల నుండి ఐదేళ్ళలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. నోట్లో పాలసీసా పెట్టుకుని నిద్రపోయే అలవాటు పిప్పిపళ్ళకు దారితీస్తుంది. పళ్ళు తోమడాన్ని రాత్రి వరుసలో చివరి పాల తరువాత చేర్చడం ఇందుకే.

చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన కాలం పోయి, ఫోను చూపిస్తూ నోట్లో కుక్కే కాలం వచ్చింది. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానిలో తినిపించేవారి ముఖం, మాట ఉంటాయి. ఫోను చూస్తూ తినే శిశువుకు కడుపు నిండిన సంగతి కూడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు వద్దని, ఆ తరువాత రోజుకు గంట మించరాదని సూచించింది.

ఆట, మలమూత్ర విసర్జన

రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు ఒళ్ళు కదిలే ఆట కావాలి. గంపలో గిన్నెలు వేసి తీయడం, మెట్లెక్కడం, మట్టిలో ఆడడం అన్నీ లెక్కలోకి వస్తాయి. దొడ్డికి కూర్చోబెట్టే అలవాటును పిల్లలు సిద్ధమైన తరువాతే, సాధారణంగా ఏడాదిన్నర నుండి మూడేళ్ళ మధ్య, భోజనం తరువాతి వేళలలో మొదలుపెడతారు. బలవంతం చేస్తే మలబద్ధకం రావచ్చు.

అమలు

అన్నిటినీ ఒకేసారి మార్చబూనడం సాధారణంగా విఫలమవుతుంది. మొదట ఉదయం లేచే వేళను స్థిరపరచి, వారం పదిరోజుల తరువాత పగటి నిద్రను, ఆపైన రాత్రి నిద్రను సరిచేయడం సులువు. నిద్రవేళను ఒక్కసారిగా గంట జరపకుండా రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున జరుపుతారు. పని మారబోతున్నదని ముందుగా చెప్పడం, "ఎర్ర చొక్కానా, పచ్చ చొక్కానా" వంటి చిన్న ఎంపిక పిల్లలకు వదలడం పేచీలను తగ్గిస్తాయి. ఎరిక్ ఎరిక్సన్ ఈ వయసును స్వతంత్రత మొలకెత్తే దశగా వర్ణించాడు. "వద్దు" అనడం ఆ దశ లక్షణమే. తల్లి ఒక విధంగా, నాయనమ్మ మరొక విధంగా నడిపితే పిల్లలు ఎవరి దగ్గర ఏది సాగుతుందో త్వరలోనే కనిపెడతారు. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, జ్వరాలు వచ్చినప్పుడు దినచర్య చెడిపోక తప్పదు. అప్పుడు కూడా పడుకునే ముందు జరిగే వరుసను మాత్రం నిలుపుకుంటే, ఇల్లు చేరాక మిగతాది కొద్ది రోజులలో గాడిన పడుతుంది.

ఉద్యోగినులు, కూలి తల్లులు

పై సూచనలన్నీ రోజంతా పెద్దవారెవరో శిశువు దగ్గర ఉంటారని అనుకుని చెప్పినవి. తెల్లవారకముందే నాట్లకు, కలుపుతీతకు వెళ్ళే తల్లికి ఆ వెసులుబాటు లేదు. అటువంటి ఇళ్ళలో దినచర్య తరచుగా అమ్మమ్మ చేతిలోనో, ఎనిమిదేళ్ళ అక్క చేతిలోనో ఉంటుంది. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు ఏర్పడ్డాయి. అయితే వాటిలో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్ళు నిండినవారికే. అంతకు చిన్నవారికి తెలుగు రాష్ట్రాలలో బాలామృతం వంటి పోషకాహారం ఇంటికి ఇస్తారు, చూసుకునే మనిషిని ఇవ్వరు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్ళవచ్చునని నిర్దేశించింది. పొలం పనులకు, ఇళ్ళలో పనులకు వెళ్ళే స్త్రీలకు ఇది వర్తించలేదు.