ఇంటి కంప్యూటర్‌కు మోడెమ్

1980లలో ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లను టెలిఫోన్ తీగ మీదుగా దూరాన ఉన్న మరో కంప్యూటర్‌తో కలిపిన సాధనం మోడెమ్. టెలిఫోన్ తీగను మనిషి గొంతు కోసం వేశారు. దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ లోపు ధ్వనులే దానిలో సాఫీగా సాగుతాయి. మోడెమ్ ఒకట్లను, సున్నాలను ఆ హద్దులో ఇమిడే స్వరాలుగా మార్చి పంపుతుంది, అవతలి నుంచి వచ్చిన స్వరాలను మళ్లీ అంకెలుగా విప్పుతుంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో కూర్చున్న తెలుగు మనిషికి ఈ పనిలో రెండు చిక్కులు ఎదురయ్యేవి. ఒకటి తీగది, రెండోది లిపిది.

1962లో అమెరికాలో వచ్చిన బెల్ 103 మోడెమ్ వేగం సెకనుకు 300 బిట్లు. అక్షరానికి ముందూ వెనకా పెట్టే గుర్తులతో కలిపి పది బిట్లు పడతాయి గనుక, సెకనుకు 30 అక్షరాలు వచ్చేవి. వరుసకు 40 చొప్పున 25 వరుసలుండే కమొడోర్ 64 కంప్యూటర్ తెర నిండడానికి అర నిమిషం పైనే పట్టేది. అంతర్జాతీయ ప్రమాణమైన వి.21 వేగమూ ఇంతే, కానీ స్వరాలు వేరు. బెల్ 103లో ఫోన్ చేసిన పక్షం 1,070, 1,270 హెర్ట్జ్ స్వరాలు పలికితే, వి.21లో అవి 980, 1,180. ఈ రెండూ ఒకదాని మాట ఒకటి అందుకోలేవు. అమెరికా నుంచి బంధువులు పెట్టెలో పెట్టి తెచ్చిన మోడెమ్ ఎంత మంచిదైనా, అవతలి మోడెమ్ అదే భాష ఎరిగి ఉంటేనే పనికొచ్చేది.

కలపడం యంత్రాన్ని బట్టి మారేది. బీబీసీ మైక్రో (1981) వెనక ఆర్‌ఎస్-423 అనే సీరియల్ సాకెట్ ఉంది. సరైన కేబుల్ ఉంటే మామూలు ఆర్‌ఎస్-232 మోడెమ్ నేరుగా పనిచేస్తుంది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ‘ఎస్‌సీఎల్ యూనికార్న్’ పేరుతో ఈ యంత్రాన్నే తయారుచేసింది. 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద మన బడులకు చేరిన కంప్యూటర్ ఇదే. పుణేలోని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అనే కంప్యూటర్‌కు అలాంటి సాకెట్ లేదు, విడిగా ఇంటర్‌ఫేస్ కావాలి. కమొడోర్ 64 (1982) సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. దాని యూజర్ పోర్టులో ఉండేవి 0, 5 వోల్టులే. ఆర్‌ఎస్-232లో ‘ఒకటి’ అంటే మైనస్ 3 వోల్టుల కంటే కిందికి, ‘సున్న’ అంటే ప్లస్ 3 కంటే పైకి. తిన్నగా తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు. వోల్టేజీ మార్చే సర్క్యూట్ మధ్యలో ఉండాల్సిందే. 1987లో వచ్చిన మ్యాక్స్232 అనే చిప్ 5 వోల్టుల సరఫరాతోనే ఈ పని చేసిపెట్టింది. జంట నగరాల్లో ఇలాంటి విడిభాగాలకు పేరుపడ్డ చోటు కోఠిలోని గుజరాతీ గల్లీ.

ఇక తీగ. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఆ రోజుల్లో అది ప్రభుత్వానిదే. చందాదారు తనకు తోచిన పరికరం దానికి తగిలించడానికి వీలుండేది కాదు. అమెరికాలో ఇలాంటి కట్టడిని 1968 నాటి కార్టర్‌ఫోన్ తీర్పు సడలించింది. మన దగ్గర నెట్‌వర్కులు ముందు సంస్థల చేతికే వచ్చాయి. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో పరిశోధన కేంద్రం నడిపిన సీఎంసీ సంస్థ, 1986లో ఇండోనెట్ అనే నెట్‌వర్కును ప్రారంభించింది. ఇంట్లోని చిన్న కంప్యూటర్‌కు అందులో చోటు లేదు. తలుపు తెరుచుకున్నది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ సేవతో. అదీ మొదట మహానగరాలకే. హైదరాబాద్ ఆ తొలి జాబితాలో లేదు. అప్పటికి స్పెక్ట్రమ్, కమొడోర్‌ల కాలం ముగిసింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో జనం కొంటున్నవి పీసీలు. పాత ఎక్స్ఛేంజీలు స్వరాలతో డయల్ చేస్తే గుర్తించేవి కావు. వాటి కింద ఉన్నవాళ్లు మోడెమ్‌ను స్వరాలతో డయల్ చేయమనే ఏటీడీటీ ఆదేశం బదులు ఏటీడీపీ కొట్టి, గుండ్రటి డయల్ తిప్పినట్టు అంకెలు పంపాల్సి వచ్చేది.

లిపి చిక్కు నా దృష్టిలో అంతకంటే పెద్దది. ఆ తీగల మీద చెల్లుబాటైనది ఏడు బిట్ల ఆస్కీ, అంటే ఆంగ్ల అక్షరాలు. భారతీయ లిపులకు 1991లో ప్రమాణంగా వచ్చిన ఇస్కీకి ఎనిమిదో బిట్ కావాలి. ఏడు బిట్లకు అమర్చిన లైనులో ఆ బిట్ రాలిపోయి తెలుగంతా చెత్త గుర్తులయ్యేది. అందుకే ప్రవాస తెలుగువాళ్లు ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ అనే యూజ్‌నెట్ చర్చా బృందంలో తెలుగును ఆంగ్ల అక్షరాలతో రాసుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఆ రాతకు ఒక కట్టుబాటు ఏర్పరచారు. అదే ఆర్‌టీఎస్. పెద్దక్షరం రాస్తే దీర్ఘమో మూర్ధన్యమో అన్న ఒప్పందంతో, ఆస్కీ దాటకుండానే తెలుగు మొత్తం తీగ మీద నడిచింది. తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో ఇంత పొదుపైన ఆలోచన మరొకటి లేదు.

ఇప్పుడు టెలిఫోన్ తీగ అక్కర్లేదు. 2014లో వచ్చిన ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ మోడెమ్‌లా నటిస్తుంది. పాత కంప్యూటర్ ఏటీడీటీ అని, ఫోన్ నంబరున్న చోట ఇంటర్నెట్ చిరునామా కొడితే కలుపుతుంది. ఇది 3.3 వోల్టుల చిప్ గనుక, కమొడోర్‌తో కలిపేటప్పుడు ఆ తేడాను చూసుకోవాలి. తెలుగు మాత్రం బరువెక్కింది. ‘బోయిన్‌పల్లి’ యూనికోడ్‌లో 12 సంకేతాలు, యూటీఎఫ్-8లో 36 బైట్లు. 300 బిట్ల లైను మీద ఆ ఒక్క పేరు రావడానికి 1.2 సెకన్లు పడుతుంది. ఆర్‌టీఎస్‌లో అదే పేరు పది అక్షరాలు, సెకనులో మూడో వంతు.