ఎర్ర టోపీ పిల్ల కథ: తిరగరాతల చరిత్ర

ఇది ‘లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్’ పేరుతో ప్రసిద్ధమైన యూరప్ జానపద కథ. అమ్మమ్మకు తినుబండారాలు పట్టుకెళ్తున్న ఆడపిల్లను దారిలో తోడేలు పలకరిస్తుంది. అది ముందుగా అమ్మమ్మ ఇల్లు చేరి, ఆమెను చంపి లేదా మింగేసి, ఆమె మంచమెక్కి పిల్ల కోసం కాచుకుంటుంది. ఇంతవరకు కథ దాదాపు అందరూ ఒకేలా చెబుతారు. ఆ తరువాత పిల్ల ఏమైంది, ఎవరు కాపాడారు, తప్పు ఎవరిది అన్నవి మాత్రం చెప్పేవాళ్లను బట్టి మారుతూ వచ్చాయి. ఆడపిల్ల ఎలా మెలగాలని ఏ కాలం కోరుకుందో ఈ మార్పుల్లో తెలుస్తుంది.

పల్లె కథ

ఫ్రాన్స్‌లోని నివెర్నే ప్రాంతంలో 1885 ప్రాంతాల్లో అచిల్ మిలియన్ సేకరించిన కథను 20వ శతాబ్దంలో జానపద కథల పరిశోధకుడు పాల్ డెలారూ వెలుగులోకి తెచ్చాడు. ఇందులో ఎర్ర టోపీ లేదు. తోడేలు రూపమెత్తే మనిషి పిల్లను అడుగుతాడు: గుండుసూదుల దారిన పోతావా, కుట్టుసూదుల దారినా? ఇంటికి చేరిన పిల్ల అమ్మమ్మ మాంసాన్నే తెలియక తింటుంది. ఒంటిమీది బట్టలు ఒక్కొక్కటే విప్పి, అతను చెప్పినట్టు మంటలో వేస్తుంది. మంచమెక్కాక సంగతి గ్రహించి, బయటికి వెళ్లాలి, ఆపుకోలేనంటుంది. అతను ఆమె కాలికి తాడు కట్టి పంపుతాడు. పిల్ల ఆ తాడును పెరట్లోని ప్లమ్ చెట్టుకు కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. వేటగాడు లేడు, తండ్రి రాడు. తన తెలివే తనను కాపాడింది.

ఆ రెండు దారుల అర్థాన్ని 1978లో ఫ్రెంచ్ పరిశోధకురాలు ఇవోన్ వెర్దియే విడమరిచింది. పల్లెల్లో ఈడొచ్చే వయసు ఆడపిల్లలను ఒక శీతాకాలం కుట్టుపని చేసే ఆమె దగ్గర ఉంచేవారు. పిల్ల పెద్దదవడం, ముసలావిడ స్థానంలోకి రావడం, ఆడవాళ్ల మధ్య చేతులు మారే జ్ఞానం: వెర్దియే ఈ కథలో చూసినవి ఇవి. ఈ వాచకం 1697లో అచ్చయిన కథకు దాదాపు రెండు వందల ఏళ్ల తరువాత సేకరించినదే. అయినా అచ్చులో లేని ఈ వివరాలు పలుచోట్ల మౌఖిక కథల్లో కనిపిస్తున్నందున ఇవి పాతకాలానివేనని డెలారూ వాదించాడు.

పెరో, ఆయన కాలపు రచయిత్రులు

1697లో పారిస్‌లో శార్ల్ పెరో ప్రచురించిన సంపుటంలో ఎర్ర టోపీ వచ్చింది. పిల్ల తప్పించుకోవడం పోయింది. తోడేలు తినేస్తుంది, కథ ముగుస్తుంది. చివర పద్యరూపంలో నీతి: అందమైన అమ్మాయిలు అపరిచితుల మాటలు వినరాదు, మెత్తగా మాట్లాడుతూ వెంటవచ్చే తోడేళ్లే అన్నిటికంటే ప్రమాదకరం. తోడేళ్లు పెద్దింటి మనుషుల్లోనే ఉన్నాయని పెరోకు తెలుసు. తెలిసీ, జాగ్రత్త పడాల్సిన భారాన్ని పిల్ల మీదే వేశాడు.

అప్పటి పారిస్‌లో ఇలాంటి కథలు రాసినవారిలో ఎక్కువమంది స్త్రీలే. అదే 1697లో కథల సంపుటాలు వెలువరించిన మదామ్ దోల్నోయ్‌కి పదిహేనేళ్ల ప్రాయంలో తనకంటే ఎంతో పెద్దవాడితో పెళ్లి చేశారు. బలవంతపు పెళ్లి ఆమె కథల్లో పదే పదే కనిపిస్తుంది. ఆమె రాసిన సిండరెల్లా కథలోని నాయిక ఫినెట్ రాక్షసుణ్ణి మండే పొయ్యిలోకి పంపుతుంది. పిల్లల పుస్తకాల్లో నిలిచింది మాత్రం పెరో సిండరెల్లాయే.

గ్రిమ్ సోదరులు

1812లో జర్మనీలో గ్రిమ్ సోదరులు ఈ కథను ఫ్రెంచ్ మూలాలున్న హాసెన్‌ఫ్లుగ్ కుటుంబపు అక్కచెల్లెళ్ల నుంచి విని ప్రచురించారు. ఇక్కడ వేటగాడు వచ్చి, తోడేలు పొట్ట కోసి ఇద్దరినీ ప్రాణాలతో బయటికి తీస్తాడు. దారి తప్పొద్దని తల్లి చెప్పిన మాట వినకపోవడం పిల్ల తప్పయింది. ఇకపై అమ్మ వద్దన్నప్పుడు దారి విడిచి వెళ్లనని ఆమె అనుకుంటుంది. అయితే గ్రిమ్‌ల పుస్తకంలోనే దీనికి రెండో ముగింపు ఉంది. మరోసారి మరో తోడేలు వస్తే అమ్మమ్మ, మనవరాలు తలుపు వేసుకుని, సాసేజ్‌లు ఉడికించిన నీళ్ల వాసనతో దాన్ని రప్పించి తొట్టిలో ముంచి చంపుతారు. ఇద్దరు ఆడవాళ్లు మగదిక్కు లేకుండా గెలిచిన ఈ భాగాన్ని పిల్లల పుస్తకాలు సాధారణంగా వదిలేస్తాయి. అది పెద్ద నష్టం.

స్త్రీవాద తిరగరాతలు

1939లో అమెరికన్ హాస్య రచయిత జేమ్స్ థర్బర్ పిల్ల బుట్టలో పిస్తోలు పెట్టాడు. అసలు చర్చ 1970లలో రేగింది. పాత కథల్లో ధైర్యవంతులైన ఆడవాళ్లు కావలసినంతమంది ఉన్నారని రచయిత్రి అలిసన్ లూరీ 1970లో అంటే, పిల్లల చేతికి వచ్చేవి మాత్రం అందంగా ఉండి ఓపికపడితే రాజకుమారుడు వస్తాడని నేర్పే కథలేనని విమర్శకురాలు మార్సియా లీబర్‌మన్ 1972లో బదులిచ్చింది. ఇద్దరూ నిజమే చెప్పారు: కథలు ఉన్నాయి, ఎంపిక వేరేవారి చేతిలో ఉంది. 1975లో స్త్రీవాద రచయిత్రి సూసన్ బ్రౌన్‌మిల్లర్ ఎర్ర టోపీ కథను నేరుగా అత్యాచార కథగా చదివింది.

పెరో కథలను ఇంగ్లీషులోకి తెచ్చిన రచయిత్రి ఏంజెలా కార్టర్ 1979లో ‘ది బ్లడీ చాంబర్’ వెలువరించింది. అందులో ఒక కథలో పిల్ల బెదరదు, తోడేలును చూసి నవ్వేస్తుంది. దాని పంజాల మధ్య నిద్రపోతుంది. మరో కథలో తోడేలు అమ్మమ్మే; మంత్రగత్తె అని ఊరివాళ్లు ఆమెను రాళ్లతో కొట్టి చంపుతారు, పిల్ల ఆ ఇంట్లో సుఖంగా బతుకుతుంది. స్త్రీ కోరికకు చోటిచ్చినందుకు కార్టర్‌ను మెచ్చినవారున్నారు. ఆ కోరిక మగవాళ్లు గీసిన హద్దుల్లోనే ఉందని 1984లో పెట్రీషియా డంకర్ విమర్శించింది. అదే ఏడాది నీల్ జోర్డన్ ఈ కథలను సినిమాగా తీశాడు.

తెలుగులో ఇలాంటి తిరగరాత పురాణ కథల మీద సాగింది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత, శూర్పణఖ వంటి స్త్రీలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

కథ, జీవితం

పెరో నుంచి నేటి వరకు పిల్లలకు చెప్పే ఈ కథలో హెచ్చరిక ఎక్కువగా అడవిలోని కొత్తవాడి గురించే. కానీ ప్రపంచంలో ప్రతి ముగ్గురు స్త్రీలలో దాదాపు ఒకరు శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారని, అందులో ఎక్కువ భాగం భర్తలు, సహచరుల వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కథలోనూ పిల్లకు ప్రాణాపాయం ఎదురైంది అడవిలో కాదు, తనకు బాగా తెలిసిన ఇంట్లో, అమ్మమ్మ మంచం మీద.